అచ్చిబాబు గారి నూటపదహారు

అచ్చిబాబు గారికి కోపం వచ్చిందో లేదో మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. మాటలో అండీలు వినాలి. మామూలుగా అయితే మాటకో అండి. చిరాకు పుడితే రెండు. ఒళ్లు మండిందా, ఎదుటివాడు ఎవడైనా సరే, "తమరు దయచేసి కాస్త అవతలికి దయచేస్తారాండీ" దాకా వెళ్తుంది వ్యవహారం. మన గోదావరి జిల్లాల్లో తిట్టు కూడా పళ్లెంలో పెట్టి, పక్కన తమలపాకు పెట్టి మరీ అందిస్తాం కదా, ఆ విద్యలో ఆయన ఆరితేరిన మనిషి.

రావులపాలెంలో అరటిగెలల మార్కెట్టుకి వెళ్లే దారిలో, ఒక మేడమెట్ల కింద ఆయన కొట్టు. కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేస్తారు. బోర్డు మీది అక్షరాలు సగం వానకి కొట్టుకుపోయాయి. అయినా లోటేం లేదు, అచ్చిబాబు గారి కొట్టెక్కడంటే గెల మోసేవాడు కూడా గెల దించకుండా గడ్డంతో చూపిస్తాడు. చుట్టుపక్కల ఎరువుల కొట్లు, రైసు మిల్లులు, పెళ్లికార్డులు అచ్చేసేవాళ్లు, అందరి ప్రింటర్లూ ఆయన చేతి చలవతోనే నడుస్తున్నాయి. ప్రింటర్లతోనూ అదే మర్యాద. "ఏవండీ, మళ్లీ కాయితం మింగేశారా? ఏదీ, నోరు తెరవండి," అంటూ మూత తీస్తారు. పక్కనున్నవాళ్లు నవ్వితే, "మనం మర్యాదిస్తే అదీ ఇస్తుందండి," అంటారు. ఇవ్వదు. అయినా అంటారు.

ఈ విద్య ఆయనకి మామగారి దగ్గర అబ్బింది. మామగారు వెంకన్న గారు రాజమండ్రిలో పేరున్న టైపుమిషన్ల మెకానిక్కు. అల్లుడు అచ్చిబాబునీ, కొడుకు గణేష్‌బాబునీ చెరోపక్కన కూర్చోబెట్టుకుని స్క్రూడ్రైవరు పట్టడం నేర్పారు. ఆయనకో పట్టింపు ఉండేది. బాగుచేసిన మిషను మీద మొట్టమొదట నూటపదహారు అంకె కొట్టాలి. "పెళ్లిలో చదివింపులకీ నూటపదహారే, పంతులు గారి సంభావనకీ నూటపదహారే. మరి మిషనేం పాపం చేసిందిరా?" అనేవారు. తర్వాత ఆయన పోయారు, టైపుమిషన్లూ పోయాయి. నూటపదహారు మాత్రం పోలేదు.

ఎక్కడ మిగిలిందంటారా? ప్రింటర్ల ఐపీ అడ్రసుల్లో. కంగారు పడకండి, బ్రహ్మవిద్యేం కాదు. ఒక కొట్లో ఉన్న కంప్యూటరూ, ప్రింటరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ప్రతిదానికీ ఒక అంకెల అడ్రసుండాలి. అందులో ముందున్న అంకెలు వీధి పేరు లాంటివి, ఆ కొట్లో ఉన్నవాటన్నిటికీ ఒకటే. చివరి అంకె ఇంటి నంబరు. అది దేనిది దానిదే. రెండువందల యాభై పైచిలుకు నంబర్లున్నాయి, ఖాళీగా ఉన్నది ఏదైనా పెట్టుకోవచ్చు. మిగతా మెకానిక్కులు చేతికొచ్చింది పెడతారు. అచ్చిబాబు గారు బిగించిన ప్రతి ప్రింటరుకీ ఇంటి నంబరు నూటపదహారే. అది పెట్టి, మూత మీద కుంకుమ బొట్టు పెట్టి, అప్పుడు గానీ కాయితం పెట్టరు.

ఇంతవరకూ బాగానే ఉంది. బాగాలేనిదల్లా బావమరిదితోనే.

గణేష్‌బాబు రాజమండ్రిలో కెమెరాలు బిగించే పని చేస్తాడు. బావంటే ప్రాణం పెట్టేవాడు. రెండేళ్ల కిందట గోదారికి వరద ఎర్రనీళ్లు తగిలిన రోజుల్లో, ఏ పడవవాణ్ణి బతిమాలుకున్నాడో గానీ, ఒక పులసని సంపాదించి తీసుకొచ్చాడు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, అలాంటి చేపని అక్కయ్య చేతిలో పెట్టి, "బావగారి కోసమేనే అక్కా," అన్నాడు. అక్కయ్య సూర్యకళ, అంటే అచ్చిబాబు గారి భార్య, మట్టి దాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టింది. బంధువులంతా వరసగా విస్తళ్ల ముందు కూర్చున్నారు. అచ్చిబాబు గారు ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, "బాగుందండి. కానీ ఇది పులస కాదండి. ఒడిశా నుంచి ఐసుపెట్టెలో వచ్చిన సముద్రపు ఇలసండి," అన్నారు.

గోదారొడ్డు మనిషిని పదిమందిలో అనడానికి ఇంతకంటే పెద్ద మాట లేదు. తల కొట్టేసినట్టయింది గణేష్‌బాబుకి. తింటున్న విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. "అలాగేనండి బావగారూ. తమకి తెలిసినంత మాకేం తెలుస్తుందండీ," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అంతే. ఆ రోజు నుంచి బావాబావమరుదులకి మాటల్లేవు.

ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులాగా కూతురు సత్యశ్రీ ఓణీల ఫంక్షను వచ్చిపడింది. ఆదివారం. మండపం మాట్లాడేశారు, వంటవాళ్లకి చెప్పేశారు, ఊరంతా పిలిచేశారు, ఒక్క మేనమామని తప్ప. ఓణీ ఇవ్వాల్సిందేమో ఆ మేనమామే. ఆయన తెచ్చిన పట్టు లంగా, ఓణీ కట్టుకునే పిల్ల పీట మీద కూర్చోవాలి. అది ఆచారం.

శుక్రవారం పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ సూర్యకళ అడిగింది. "పిలిచారా?"

"ఎవర్నండీ?"

"నన్ను అండీ అనకండి, నాకు ఒళ్లు మండుతుంది. మా తమ్ముణ్ణి పిలిచారా లేదా?"

"నీ తమ్ముడేగా, నువ్వే పిలవచ్చుగా."

"మాట అన్నది నేనా? నోరు జారింది మీరు, పిలవాల్సిందీ మీరే. మేనమామ లేకుండా నా కూతుర్ని పీట మీద కూర్చోబెట్టను, ముందే చెప్తున్నా. నేనూ పిల్లా ఇంట్లోనే ఉంటాం. మీరు మండపానికెళ్లి మీ ప్రింటర్లని కూర్చోబెట్టుకుని అక్షింతలేసుకోండి."

అచ్చిబాబు గారు కాఫీ గ్లాసు సగంలోనే పక్కన పెట్టేశారు. పిలవాలని ఆయనకి మాత్రం లేదా? ఫోను తీసి, పేరు దాకా వెళ్లి, ఎన్నిసార్లు వెనక్కొచ్చారో ఆయనకే తెలుసు. హలో అన్నాక ఏమనాలి? అది పులసేనని ఒప్పుకోవాలా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి, నాలుగో కాలు ఇప్పుడెక్కణ్ణుంచి తెస్తాడు? పోనీ పిలవకపోతే, కూతురి మొహం ఎలా చూడాలి? ఆ పిల్ల పొద్దస్తమానం "మావయ్య ఏ రంగు ఓణీ తెస్తాడమ్మా" అని అడుగుతూనే ఉంది.

అంతలో ఫోను మోగింది. ఆత్రేయపురం నుంచి శ్యామలాంబ గారు. పూతరేకుల కొట్టు ఆవిడది. "కొంప మునిగిందండీ అచ్చిబాబు గారూ! ప్రింటరు పలకడం లేదు. నిన్నట్నుంచీ ఒక్క లేబులు రాలేదు. సాయంత్రానికి సారె పెట్టెలు వెళ్లిపోవాలి. మీరు రాలేనంటే చెప్పండి, కాకినాడ నుంచి వేరేవాళ్లని పిలుచుకుంటాను."

"వస్తున్నానండి, వచ్చేస్తున్నాను," అని అచ్చిబాబు గారు సగం కాఫీ వదిలేసి బండెక్కారు. పెళ్లాం ముందు నుంచి తప్పుకోవడానికి ప్రింటరు పాడవడం ఎంత అదృష్టమో అనుభవమున్నవాళ్లకే తెలుస్తుంది.

శ్యామలాంబ గారి కొట్లో ఫ్యాన్లుండవు. ఉన్నా తిప్పరు. బోర్లించిన కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ ఇలా లాగితే అలా లేచొచ్చే రేకులవి, గాలేస్తే వీధిలోకి ఎగిరిపోతాయి. అందుకని అక్కడ అడుగుపెట్టిన మనిషి చెమటతో తడిసి ముద్దవ్వాల్సిందే. కుండ ముందు రత్తమ్మ చకచకా రేకులు తీస్తోంది. బల్ల మీద అట్టపెట్టెలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి, ఒక్కదాని మీద కూడా పేరు లేదు. కంప్యూటరు ముందు పాపాయి అనే అమ్మాయి కూర్చుని ప్రింటు మీట నొక్కుతూనే ఉంది.

"ఎన్నిసార్లు నొక్కారమ్మా?" అన్నారు అచ్చిబాబు గారు.

"నిన్నట్నుంచి నొక్కుతూనే ఉన్నానండి. ఎప్పుడో ఒకప్పుడు జాలి పడకపోద్దాని."

అచ్చిబాబు గారు ప్రింటరు ముందు గొంతుక్కూర్చున్నారు. "ఏంటండీ సంగతి? ఒంట్లో బాలేదా?" వైర్లు చూశారు, బానే ఉన్నాయి. లేబుళ్ల చుట్ట చూశారు, నిండుగా ఉంది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. అప్పుడు కంప్యూటరు నుంచి ప్రింటరు అడ్రసుకి ఒక పలకరింపు పంపారు. ఉన్నావా అని అడిగితే ఉన్నానని జవాబొస్తుంది, అదొక పరీక్ష. నూటపదహారు నుంచి టకటకా జవాబొచ్చింది.

"పలుకుతున్నారే! మరి పని చెయ్యరేంటండీ?" అని, సరే, ఒకసారి ఆపి వేద్దామని ప్రింటరు ప్లగ్గు పీకేశారు. పీకి, చేతి రుమాలుతో మొహం తుడుచుకుని, తెర వంక చూసి నోరు తెరిచేశారు. జవాబు ఇంకా వస్తూనే ఉంది. ప్లగ్గేమో ఆయన చేతిలో ఉంది.

"తమరు ఆగిపోయారు కదండీ?" అన్నారు ప్రింటరుతో. "మరి ఈ పలికేదెవరండీ?"

ఆ మాట వినేసరికి పాపాయి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "అమ్మోయ్! దయ్యమండీ!"

"చెప్పానా?" అంది రత్తమ్మ కుండ ముందు నుంచి. "ఆ మిషను తెచ్చినప్పుడు దిష్టి తియ్యలేదు. ఊరందరి కళ్లూ దాని మీదే." ఆవిడ లేచి వెళ్లి ఒక నిమ్మకాయ, నాలుగు ఎండు మిరపకాయలు తెచ్చి ప్రింటరు చుట్టూ తిప్పడం మొదలెట్టింది. శ్యామలాంబ గారు లోపల్నుంచొచ్చి, ప్లగ్గు పట్టుకుని నిలబడ్డ అచ్చిబాబు గారినీ, నిమ్మకాయ తిప్పుతున్న రత్తమ్మనీ చూసి, ఏమనుకున్నారో, తనూ ప్రింటరుకి ఒక దణ్ణం పెట్టుకున్నారు.

అచ్చిబాబు గారికి మాత్రం బుర్ర తిరగడం ఆగింది. దయ్యం కాదిది. ఒక వీధిలో రెండిళ్లకి ఒకే డోరు నంబరు తగిలించారు. పోస్టుమ్యాను ఉత్తరం పట్టుకెళ్లి రెండో ఇంట్లో పడేస్తున్నాడు. ఆ రెండో ఇల్లెవరిదో చూద్దామని అదే అడ్రసు కంప్యూటర్లో కొట్టారు. తెర మీద కెమెరాల బొమ్మలు రికార్డు చేసే డబ్బా తాలూకు పేజీ తెరుచుకుని, పాస్‌వర్డు చెప్పమంది.

"శ్యామలాంబ గారూ, కొత్తగా కెమెరాలేమన్నా పెట్టించారాండీ?"

"మొన్న మా కొట్టుకి సెలవు కదండీ, ఆ రోజు పెట్టించాను. రేకులు మాయమైపోతున్నాయి. పిల్లి పనో, మనిషి పనో తేల్చుకుందామని. డబ్బా మేడ మీదుంది."

"ఎవరు పెట్టారండీ?" అచ్చిబాబు గారి గొంతులో అండీ కాస్త బరువెక్కింది. "ఖాళీ నంబరు చూసుకోకుండా, నేరుగా నా నూటపదహారు మీదే తెచ్చి కూర్చోబెట్టిన ఆ మహానుభావుడెవరో తెలుసుకోవచ్చాండీ?"

"రాజమండ్రి అబ్బాయండి. గణేష్‌బాబని. ఎంత మర్యాదస్తుడనుకున్నారు! డబ్బాకి బొట్టు పెట్టి మరీ పని మొదలెట్టాడు."

అచ్చిబాబు గారు ప్లగ్గు మెల్లిగా కింద పెట్టారు. ప్రింటరు నంబరు మార్చుకుంటే రెండు నిమిషాల పని, ఆయనకి తెలుసు. కానీ మార్చాల్సింది ఎవరు? ముందునుంచీ ఉన్నవాడా, నిన్నగాక మొన్న వచ్చినవాడా? "ఆయన్నే పిలిపించండి," అన్నారు. "నంబరు వారిదే మార్చాలండి. నాది మారదండి."

శ్యామలాంబ గారు లోపలికెళ్లి ఫోను చేసి వచ్చారు. ఆ అబ్బాయి ఎలాగూ ఇటే వస్తున్నాడట, దారిలోనే ఉన్నాడట. అన్నట్టే కాసేపటికి గణేష్‌బాబు బండి దిగి గుమ్మంలోకొచ్చాడు, బావని చూశాడు, చెప్పులు విప్పబోయినవాడు ఒక చెప్పుతో అలాగే ఆగిపోయాడు.

ఒకరినొకరు చూడకుండా ఇద్దరూ శ్యామలాంబ గారినే చూశారు.

"శ్యామలాంబ గారూ," అన్నారు అచ్చిబాబు గారు, "ఈ కొట్లో నూటపదహారు ముందునుంచీ ఎవరిదో వారిని కాస్త అడిగి చెప్పండి."

"శ్యామలాంబ గారూ," అన్నాడు గణేష్‌బాబు, "నేను పెట్టిన రోజు ప్రింటరు ఆపేసుంది, పలకలేదు. పలకనివాళ్లు లేనట్టే అనుకుంటామని వారికి మనవి చెయ్యండి."

"పలకనిది ఎవరో వారి మనసుకే తెలుసని చెప్పండి."

"పలికేలాగా ఎవరు మాట్లాడారో కూడా వారికే తెలుసని చెప్పండి."

"అది మా మామగారు చెప్పిన నంబరండి. ప్రాణం పోయినా వదలనండి."

"మాకు స్వయానా నాన్నగారండి. మేమెలా వదులుతామండీ?"

శ్యామలాంబ గారు మెడ అటూ ఇటూ తిప్పి తిప్పి విసిగిపోయారు. "బాబూ! ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మా అమ్మ చెప్పేది. మీ కత్తులేంటో, ఒరలేంటో నాకు తెలీదు. నా పెట్టెలు వెయ్యి కళ్లతో లేబుళ్ల కోసం చూస్తున్నాయి. ఎవరో ఒకరు తగ్గండి. లేదా ఇద్దర్నీ కుండ మీద రేకు లాగినట్టు లాగేస్తాను!"

ఆవిడ అలా అరిచేసరికి గణేష్‌బాబు గబగబా మేడ మీదికి, కెమెరాల డబ్బా దగ్గరికి వెళ్లిపోయాడు. అచ్చిబాబు గారు కింద ప్రింటరు దగ్గర మిగిలారు. మిగిలి, చెమట తుడుచుకుంటూ ఆలోచనలో పడ్డారు. బావమరిది చిక్కిపోయాడు. అంత చిన్నపిల్లాడికి కణతల దగ్గర తెల్లవెంట్రుకలొచ్చేశాయి. పోనీ తగ్గితే? ఎవరికీ చెప్పకుండా తగ్గితే తగ్గినట్టు ఎవరికి తెలుస్తుంది? ప్రింటరుని తన ల్యాప్‌టాపుకి తగిలించి, చుట్టూ చూసి, నూటపదహారు చెరిపేశారు. దాని బదులు ఏం పెట్టాలి? ఏది పడితే అది పెట్టడానికి చెయ్యి రాలేదు. రెండువందల పదహారు పెట్టారు. అదీ శుభమే, ఇంకాస్త ఎక్కువ శుభం.

కంప్యూటరుకి కొత్త నంబరు చెప్పి, "ఇప్పుడు కొట్టండమ్మా," అన్నారు. పాపాయి కొట్టింది. రాలేదు.

అనుమానమొచ్చి ప్లగ్గు పీకి, పలకరింపు పంపి చూశారు. రెండువందల పదహారు నుంచి ఎవరో టకటకా పలుకుతున్నారు. అచ్చిబాబు గారికి రక్తం పొంగింది. "వెనకాలే వచ్చేశారాండీ! నేనెక్కడికి పోతే అక్కడికా! బాగుందండి, చాలా బాగుందండి!" అని ప్రింటరుని పట్టుకుని ఊపేశారు. ఊపి, మళ్లీ కూర్చున్నారు. ఆదివారం గుర్తొచ్చింది. పీట మీద పిల్ల గుర్తొచ్చింది. సరే, పోనీలే, చిన్నవాడు అనుకుని, పళ్లు బిగించి ఒట్టి పదహారు పెట్టారు. కొట్టమన్నారు. రాలేదు. మళ్లీ ప్లగ్గు పీకారు. పదహారులోనూ ఎవరో ఉన్నారు.

ఇంక తట్టుకోలేక మెట్ల మీదికి పరిగెత్తారు. సరిగ్గా అదే సమయానికి పైనుంచి గణేష్‌బాబు దూసుకొస్తున్నాడు. మలుపు దగ్గర ఇద్దరూ ధన్‌మని గుద్దుకుని, పడిపోకుండా ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు.

"నా వెనకాల ఎందుకొస్తున్నారండీ?" అన్నారు అచ్చిబాబు గారు.

"నేనా? మీరే నా వెనకాల వస్తున్నారండి! పెద్దవారు కదా, నూటపదహారు మీకు వదిలేద్దామని నేను రెండొందల పదహారుకి వెళ్లాను. అక్కడికొచ్చేశారు. సర్లే అని పదహారుకెళ్తే అక్కడికీ వచ్చేశారు. మనిషిని ఎక్కడా బతకనివ్వరాండీ?"

అచ్చిబాబు గారు ఆ చొక్కా పట్టుకునే ఉండి, కాసేపు ఆలోచించారు. "మీరు వదిలేశారా? నేనూ మీకోసం వదిలేశానండి."

"మరి నూటపదహారులో ఇప్పుడు ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరండి. ఖాళీగా ఉంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు గణేష్‌బాబుకి మీసం కింద పెదవి అదిరింది. తర్వాత అచ్చిబాబు గారి పొట్ట కదిలింది. ఇంక అంతే, ఇద్దరూ మెట్ల మీద చతికిలబడి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. కింద నుంచి రత్తమ్మ, "దయ్యం వాళ్లకి పట్టిందమ్మా," అనడం వినపడింది.

నవ్వయ్యాక మళ్లీ కొత్త తగువు. "నూటపదహారు మీరు తీసుకోండి." "అబ్బే, మీరు తీసుకోండి." "పెద్దవారు, మీరుండగా నేనా?" "చిన్నవారు, మీరు కాక నేనా?" ఈ మర్యాదలు ఆ శత్రుత్వం కంటే ఎక్కువసేపు పట్టేలా ఉంటే, శ్యామలాంబ గారు మెట్ల కిందకొచ్చి తీర్పు చెప్పేశారు. "నూటపదహారు ప్రింటరుకి. ఆ కెమెరా డబ్బాకి ఎనిమిది పెట్టండి. ఎనిమిదంటే శనీశ్వరుడు, దొంగల సంగతి ఆయన చూసుకుంటాడు. కదలండి!"

కదిలారు. గణేష్‌బాబు ఎనిమిది పెట్టాడు. అచ్చిబాబు గారు నూటపదహారు పెట్టి ప్రింటరుకి దణ్ణం పెట్టారు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ప్రింటరు గుర్రుమంది. నిన్నట్నుంచీ పాపాయి నొక్కిన నొక్కుళ్లన్నీ లోపల వరస కట్టి ఉన్నాయి కదా, అవన్నీ ఒక్కసారిగా బయటికి రావడం మొదలెట్టాయి. లేబుళ్లు, లేబుళ్లు, లేబుళ్లు. బల్ల మీంచి కిందికి, కింద నుంచి గుమ్మంలోకి పాకాయి. పాపాయి ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. ఒకటి రత్తమ్మ నుదుటికి అతుక్కుంది.

అచ్చిబాబు గారు పట్టరాని గర్వంతో ఒక లేబులు చింపి, కళ్లజోడు సర్దుకుని చదివారు. చదివి, మళ్లీ చదివారు.

చి. సత్యశ్రీ ఓణీల వేడుకకు
మేనమామ గణేష్‌బాబు పంపిన సారె

 పొద్దుట్నుంచీ పెనుగులాడింది తన కూతురి సారె కోసమన్నమాట. బల్ల మీద పేరు లేకుండా దిగాలుగా కూర్చున్న ఆ పెట్టెలన్నీ తన ఇంటికి రావాల్సినవన్నమాట. గణేష్‌బాబు తల వంచుకుని చెప్పుల వంక చూసుకుంటున్నాడు, దొరికిపోయిన దొంగకి మల్లే.

"పంపిన అని రాయించారేంటండీ?" అన్నారు అచ్చిబాబు గారు.  "మేనమామ సారె తెస్తాడు గానీ పంపుతాడాండీ ఎక్కడన్నా?"

"పిలవని పేరంటానికి ఎలా వస్తానండీ బావగారూ?" అన్నాడు గణేష్‌బాబు, తల ఎత్తకుండానే. "అలాగని పిల్లకి ఇవ్వకుండా ఎలా ఉంటానండీ? ఓణీ కూడా కొన్నాను. వంగపండు రంగు. వ్యానువాడికిచ్చి పంపేద్దామనుకున్నాను. అక్క గుమ్మం ముందు పెట్టేసి వచ్చెయ్యమని చెప్పాను."

 ప్రింటరొక్కటే ఇంకా ఏదో గొణుక్కుంటూ లేబుళ్లు కక్కుతోంది.

అచ్చిబాబు గారు వెళ్లి పాపాయిని లేపి కంప్యూటరు ముందు కూర్చున్నారు. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'పంపిన' అన్న మాట చెరిపేశారు. దాని చోట 'తెచ్చిన' అని కొట్టారు. ప్రింటు నొక్కారు. కొత్త లేబులు రాగానే వెనక కాయితం ఒలిచి, బల్ల మీదున్న మొదటి పెట్టెకి తన చేత్తో అంటించి, అరచేత్తో గట్టిగా అదిమారు.

"ఒరే గణేషూ," అన్నారు. ఆయన నోట అండి లేని మాట విని శ్యామలాంబ గారు ఉలిక్కిపడ్డారు. "అది పులసేరా. మొదటి ముక్కకే తెలిసింది. నేను సంపాదించలేని చేప నువ్వు తెచ్చావని కడుపుమండి అన్నాను. ఆదివారం దాకా ఆగకు. రేపే వచ్చెయ్. నువ్వు లేకపోతే మీ అక్క పిల్లని పీట మీద కూర్చోబెట్టనంటోంది. నాకూ కూర్చోబెట్టాలని లేదురా."

గణేష్‌బాబు "ఆయ్, వస్తానండీ" అన్నాడు.  కళ్లు తుడుచుకుంటూ, వెనక ఏముందో చూసుకోకుండా, దొరికినదాని మీద కూలబడిపోయాడు. అది పూతరేకుల పెట్టె. లోపల రేకులన్నీ కరకరమని పొడైపోయిన చప్పుడు అందరికీ వినపడింది. శ్యామలాంబ గారంతటి మనిషి, తిట్టడం మానేసి కొంగుతో కళ్లొత్తుకున్నారు.